పెరిగిన ఇంటి ఖర్చుకు ప్రభుత్వ ఊరటను అందుకోవడం ఎలా: తిరుపతి, చిత్తూరు కుటుంబాలకు ఒక మార్గదర్శి

ధరలు పెరిగినప్పుడు ప్రభుత్వాలు సాధారణంగా నాలుగు దారుల్లో స్పందిస్తాయి. కొన్ని సరుకులను ఉచితంగానో తక్కువ ధరకో ఇస్తాయి, కొంత నగదును బ్యాంకు ఖాతాలో జమ చేస్తాయి, బస్సు టికెట్టు, కరెంటు బిల్లు వంటి కొన్ని చార్జీలను అక్కడికక్కడే తగ్గిస్తాయి లేదా మాఫీ చేస్తాయి, ఇవి కాక కొన్ని వస్తువులపై పన్ను తగ్గిస్తాయి. తిరుపతిలో లాడ్జీలో గదులు శుభ్రం చేసే మహిళకైనా, చిత్తూరు పక్కన రెండెకరాల మామిడి తోట ఉన్న రైతుకైనా ఈ నాలుగు దారుల్లో కనీసం రెండు మూడు వర్తిస్తాయి. అయినా అర్హత ఉండి కూడా అందుకోలేకపోతున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. దీనికి ప్రధాన కారణం పథకం లేకపోవడమో, నిధులు లేకపోవడమో కాదని, ఇంటి వివరాలు ఒక రికార్డులో ఒక విధంగా, మరో రికార్డులో మరో విధంగా ఉండడమేనని నా గట్టి అభిప్రాయం. అందుకే ఈ మార్గదర్శిలో పథకాల కన్నా ముందు కాగితాల గురించి, కొంత విస్తారంగానే చెబుతాను. ఇందులోని నిబంధనలు, మొత్తాలు 2025 చివరి నాటివి.

ముందుగా ఇంటి రికార్డును సరిచూసుకోండి

మీ ఆధార్ కార్డులు, రైస్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, కరెంటు బిల్లు, గ్యాస్ పుస్తకం, పొలం ఉంటే పాస్‌బుక్ ఒకచోట పెట్టుకుని, వాటిలోని పేర్లు, పుట్టిన తేదీలు, చిరునామా ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. తరువాత మీ గ్రామ లేదా వార్డు సచివాలయానికి వెళ్లి, హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో, అంటే ఏ ఇంట్లో ఎవరెవరున్నారో నమోదు చేసిన ప్రభుత్వ రికార్డులో, మీ కుటుంబం ఎలా నమోదై ఉందో చూపమని అడగండి. పెళ్లయి వేరు కాపురం పెట్టిన కొడుకు ఇంకా తల్లిదండ్రుల కుటుంబంలోనే ఉంటే, అతని జీతం వల్ల తల్లి పింఛనుకు అడ్డు రావచ్చు. చనిపోయిన వారి పేరు తీయించకపోతే తరువాతి మార్పులన్నీ ఆగిపోవచ్చు. రైస్ కార్డులో పేరు చేర్చడం, తీసివేయడం, కార్డు విభజించడం వంటి దరఖాస్తులన్నీ సచివాలయంలోనే తీసుకుంటారు. దరఖాస్తు ఇచ్చిన ప్రతిసారీ నంబరు ఉన్న రశీదు అడిగి తీసుకుని, దానిని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవాలి. తరువాత ఎక్కడ అడగవలసి వచ్చినా ఆ నంబరే ఆధారం.

రాష్ట్ర ప్రభుత్వ పథకాల్లో చాలా వాటికి అర్హత పరీక్షలు దాదాపు ఒకటే. 2025లో బడి పిల్లల తల్లులకు నగదు ఇచ్చే తల్లికి వందనం పథకానికి పెట్టినవి చూస్తే మిగతా వాటి తీరు తెలుస్తుంది. కుటుంబ ఆదాయం నెలకు పల్లెల్లో 10,000, పట్టణాల్లో 12,000 రూపాయలు దాటకూడదు. భూమి మాగాణి అయితే 3 ఎకరాలు, మెట్ట అయితే 10 ఎకరాలు, రెండూ కలిపి 10 ఎకరాలు మించకూడదు. కరెంటు వాడకం ఏడాది సగటున నెలకు 300 యూనిట్లు దాటకూడదు. పట్టణంలో సొంత ఇల్లు 1,000 చదరపు అడుగుల లోపు ఉండాలి. ఇంట్లో ఎవరూ ప్రభుత్వ ఉద్యోగి గానీ, ప్రభుత్వ పింఛనుదారు గానీ, ఆదాయపు పన్ను చెల్లించేవారు గానీ కాకూడదు. పారిశుధ్య కార్మికులకు మాత్రం మినహాయింపు ఉంది. నాలుగు చక్రాల వాహనం ఉండకూడదు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్‌లకు ఇది వర్తించదు.

వీటిలో మన ప్రాంతంలో ఎక్కువగా చిక్కు తెచ్చేది కరెంటు మీటరు. తిరుపతిలో ఒకే ఇంటిని మూడు నాలుగు పోర్షన్లు చేసి అద్దెకిచ్చే అలవాటు ఎక్కువ కాబట్టి, ఆ మీటర్లన్నీ ఒకే వ్యక్తి ఆధార్‌కు ముడిపడి ఉంటే, అందరి యూనిట్లూ కలిసి ఆ ఒక్క కుటుంబం వాడినట్టు లెక్కకు వస్తాయి. ఖాళీ చేసి వెళ్లిపోయిన ఇంటి మీటరు ఇంకా మీ ఆధార్‌తోనే ఉండే అవకాశమూ ఉంది. ఇలా జరిగితే మీ ఆధార్‌కు ఏయే సర్వీసు నంబర్లు ముడిపడి ఉన్నాయో సచివాలయంలో అడిగి రాయించుకుని, మీది కాని నంబరును తొలగించమని విద్యుత్ శాఖ అసిస్టెంట్ ఇంజనీరుకు రాతపూర్వకంగా అర్జీ ఇవ్వాలి. ఇప్పుడు ఉంటున్న ఇంటి కరెంటు బిల్లును, అద్దె ఒప్పందం ఉంటే దాని నకలును జతచేయాలి. అమ్మేసిన కారు పేరు మార్పు జరగక రవాణా శాఖ రికార్డులో మీ పేరుతోనే ఉండడం, అమ్మేసిన పొలం అడంగల్ అనే గ్రామ భూముల రికార్డులో ఇంకా మీ పేరుతో కనిపించడం కూడా ఇలాంటివే. మొదటిది రవాణా కార్యాలయంలో, రెండవది తహసీల్దారు కార్యాలయంలో సరిచేయించుకోవాలి. పథకం ప్రకటించిన తరువాత వీటి కోసం పరుగెత్తితే గడువు దాటిపోతుంది. ఏ పథకమూ ప్రకటించని నెలలోనే ఈ పని ముగించుకోవడం మంచిది.

బ్యాంకు ఖాతా గురించి ఒక్క మాట తప్పక చెప్పాలి. ఆధార్ ఆధారంగా పంపే డబ్బు మీరు దరఖాస్తులో రాసిన ఖాతాకు కాక, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ సంస్థ రికార్డులో ఆధార్‌తో చివరిగా అనుసంధానమైన ఖాతాకు వెళుతుంది. ఎప్పుడో ఒక రుణం కోసం తెరిచి మరిచిపోయిన ఖాతాకు డబ్బు వెళ్లడం, ఆ ఖాతా వాడకంలో లేక వెనక్కి పోవడం తరచుగా జరుగుతుంది. మీరు రోజూ వాడే బ్యాంకు శాఖకు వెళ్లి, ఎన్‌పీసీఐ లింకు ఈ ఖాతాకే ఉందా అని అడగండి. లేకపోతే మార్చమని అక్కడే దరఖాస్తు ఇవ్వండి. తపాలా కార్యాలయంలో ఖాతా తెరిచి దానికి లింకు పెట్టించుకోవడమూ ఒక మార్గం.

బియ్యం, గ్యాస్

జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఇచ్చే బియ్యం 2023 జనవరి 1 నుంచి ఉచితం. 2024 జనవరి నుంచి మరో ఐదేళ్లు దీనిని కొనసాగించాలని కేంద్రం నిర్ణయించింది. మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డు ఉన్న కుటుంబానికి 35 కిలోలు అందుతాయి. 2025 జూన్ 1 నుంచి మన రాష్ట్రంలో వాహనాల ద్వారా పంపిణీ ఆపి, మళ్లీ రేషన్ షాపుల్లోనే ఇస్తున్నారు. ప్రతి నెలా 1 నుంచి 15 వరకు, ఉదయం 8 నుంచి 12 వరకు, సాయంత్రం 4 నుంచి 8 వరకు షాపు తెరిచి ఉండాలి. 65 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు ఇంటి వద్దకే తెచ్చి ఇవ్వాలి. ఇంట్లో అందరి ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు ధ్రువీకరణ) పూర్తయిందో లేదో డీలరు దగ్గరి ఈ-పోస్ యంత్రంలో చూపించుకోండి. పూర్తికాని వారి వాటా ఆగిపోయే ప్రమాదం ఉంది. పప్పు, చక్కెర వంటివి నిల్వను బట్టి వస్తాయి కాబట్టి నెల మొదటి వారంలో వెళ్లడం మేలు. స్టోరు బియ్యాన్ని తక్కువ ధరకు బయట అమ్మేసి, బజారులో ఎక్కువ ధరకు సన్నబియ్యం కొనే కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. ఆ అమ్మకం చట్టవిరుద్ధం, లెక్క చూసినా నష్టమే. దోసెలకూ ఇడ్లీలకూ ఆ బియ్యం బాగా పనికివస్తాయి.

గ్యాస్ విషయంలో రెండు వేర్వేరు సహాయాలున్నాయి. రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరు 1న ప్రారంభించిన దీపం-2 కింద, రైస్ కార్డు, గ్యాస్ కనెక్షన్ ఉన్న కుటుంబానికి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. ఉచితమంటే ముందు మీరు డబ్బు కట్టి సిలిండర్ తీసుకోవాలి, తరువాత ఆ మొత్తం 48 గంటల్లో ఖాతాలో జమ కావాలి. ఏడాదిని ఏప్రిల్ నుంచి జూలై, ఆగస్టు నుంచి నవంబరు, డిసెంబరు నుంచి మార్చి అని మూడు విడతలుగా చేశారు. ఒక్కో విడతకు ఒక సిలిండర్. ఒక విడతలో బుక్ చేయకపోతే ఆ సిలిండర్ తరువాతి విడతకు కలవదు కాబట్టి, సిలిండర్ నిదానంగా అయ్యే చిన్న కుటుంబాలు విడత చివరి తేదీని గుర్తు పెట్టుకుని బుక్ చేసుకోవాలి. రెండవది పేద మహిళల పేరిట ఇచ్చిన ఉజ్వల గ్యాస్ కనెక్షన్లకు కేంద్రం ఇచ్చే రాయితీ. 2025-26 సంవత్సరానికి సిలిండర్‌కు 300 రూపాయల చొప్పున తొమ్మిది సిలిండర్ల వరకు దీనిని ఆమోదించారు. పాస్‌బుక్‌లో ఈ రెండు మొత్తాలూ వేర్వేరుగా కనబడతాయి. ఒకటి వచ్చి రెండవది రాకపోతే ఏది రాలేదో చెప్పి ఫిర్యాదు చేయాలి. పౌర సరఫరాల ఫిర్యాదుల నంబరు 1967.

ప్రయాణం, భోజనం

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్టు ధర లేదు. రాష్ట్రంలోనే నివసిస్తున్నట్టు చూపే గుర్తింపు కార్డు చూపించి, సున్నా ధర టికెట్టు తప్పక తీసుకోవాలి. మన జిల్లాలవారు రెండు మినహాయింపులు గమనించాలి. తిరుపతి నుంచి తిరుమల కొండకు వెళ్లే సప్తగిరి బస్సులను, అంతర్రాష్ట్ర బస్సులను ఈ పథకం నుంచి మినహాయించారు. చిత్తూరు నుంచి వైద్యం కోసం వేలూరుకు, పని కోసం బెంగళూరుకు వెళ్లేవారు పూర్తి చార్జీకి సిద్ధపడి బయలుదేరాలి. ఆ ప్రయాణాలే ఇక్కడి పేద కుటుంబాలకు పెద్ద ఖర్చు కనుక, సరిహద్దు జిల్లాల విషయాన్ని ప్రభుత్వం ప్రత్యేకంగా ఆలోచించవలసి ఉంది.

అన్న క్యాంటీన్లలో పూటకు 5 రూపాయలకు టిఫిను, మధ్యాహ్న భోజనం, రాత్రి భోజనం దొరుకుతాయి, ఆదివారం సెలవు. దీనికి కార్డు అక్కరలేదు. ఆసుపత్రిలో రోగికి తోడుగా ఉండేవారికి, కూలి పనికి పట్టణానికి వచ్చేవారికి ఇది నెలకు వందల రూపాయలు మిగిల్చే సదుపాయం.

కరెంటు బిల్లును అర్థం చేసుకోవడం

ఇది కొంచెం ఓపికగా చదవవలసిన భాగం, ఎందుకంటే ఇక్కడ మీ చేతిలో ఉన్నది చాలా ఉంది. ఇళ్లకు మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 31 నుంచి 75 వరకు 3.00, 76 నుంచి 125 వరకు 4.50, 126 నుంచి 225 వరకు 6.00, 226 నుంచి 400 వరకు 8.75, ఆపైన 9.75 రూపాయలు. 225 యూనిట్లు వాడితే యూనిట్ల చార్జీ 1,017 రూపాయలు అవుతుంది. 300 వాడితే 1,673 రూపాయలు దాటుతుంది. అంటే ఆఖరి 75 యూనిట్లకే 656 రూపాయలు. వీటికి స్థిర చార్జీ, సర్దుబాటు చార్జీలు అదనం. కాబట్టి వేసవిలో ఒక గంట ఏసీ తగ్గించినా, పాత ఫ్యానును తక్కువ కరెంటు తీసుకునే ఫ్యానుతో మార్చినా, మిగిలేది పై శ్లాబులోని ఖరీదైన యూనిట్లే. పైగా వాడకం 300 యూనిట్ల సగటు దాటితే బిల్లుతో పాటు పథకాల అర్హతా పోతుంది. ఆ నష్టం బిల్లు కన్నా ఎన్నో రెట్లు పెద్దది.

ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్ ఉంది. బిల్లులో ఆ రాయితీ కనబడకపోతే కుల ధ్రువపత్రంతో విద్యుత్ కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి. సొంత మిద్దె ఉన్నవారు 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకాన్ని పరిశీలించవచ్చు. ఒక కిలోవాట్ సోలార్ పలకలకు 30,000, రెండింటికి 60,000, మూడు అంతకు పైన ఉంటే 78,000 రూపాయల రాయితీని కేంద్రం ఇస్తుంది. రెండు కిలోవాట్ల వరకు బీసీ కుటుంబాలకు రాష్ట్రం అదనంగా 20,000 రూపాయలు ఇస్తోంది, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు పూర్తిగా ఉచితంగా అమర్చే కార్యక్రమం పెట్టుకుంది. చంద్రగిరి మండలం నారావారిపల్లెలో ఇంటింటికీ ఇలాంటి పలకలు అమర్చారు. నిర్ణయం తీసుకునే ముందు అక్కడ ఎవరి బిల్లు ఎంత తగ్గిందో విచారించి రావడం మంచి పద్ధతి. అద్దె ఇళ్లవారికి ఈ పథకం వల్ల ప్రయోజనం లేదు. నిజానికి ధరల పెరుగుదలలో తిరుపతి వంటి నగరాన్ని ఎక్కువగా బాధిస్తున్న ఇంటి అద్దెకు ఏ పథకమూ సమాధానం చెప్పడం లేదు. ఇది పెద్ద లోపం.

దుకాణంలో చూడవలసినవి

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు, తలనూనెలపై 18 శాతం ఉన్న పన్ను 5 శాతమైంది. వెన్న, నెయ్యిపై 12 నుంచి 5కు తగ్గింది. పిల్లల నోటు పుస్తకాలు, పెన్సిళ్లపైన, వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంపైన పన్ను లేకుండా పోయింది. టీవీలు, ఏసీలు, సిమెంటుపై 28 నుంచి 18 అయింది. పాత ధరతో, పన్నుతో కలిపి 118 రూపాయలు ఉన్న టూత్‌పేస్టు తయారీదారు ధర మార్చకుంటే 105 రూపాయలకు రావాలి, అంటే దాదాపు 11 శాతం తగ్గుదల. కొన్నిసార్లు ధర అదే ఉంచి బరువు పెంచుతారు, కొన్నిసార్లు ధర అదే ఉంచి బరువు తగ్గిస్తారు కూడా. అందుకే ప్యాకెట్టు మీద గ్రాములు చదివి వంద గ్రాముల ధర లెక్క కట్టుకోవాలి. బిల్లు అడగండి. తేడా కనబడితే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు చెప్పవచ్చు.

కూరగాయల ధరలు ఒక్కసారిగా ఎగబాకినప్పుడు రైతు బజార్ల వైపు చూడాలి. 2023 జూలైలో టమాటా కిలో వంద రూపాయలు దాటినప్పుడు, ప్రభుత్వం మార్కెట్లలో కొని రైతు బజార్లలో 50 రూపాయలకు అమ్మించింది. కేంద్ర సంస్థలు కూడా మన రాష్ట్రంలో టమాటా కొని ఉత్తరాది నగరాలకు పంపాయి. 2024 జూలైలో బజారులో 180 రూపాయలు పలుకుతున్న కందిబేడలను ప్రత్యేక కౌంటర్లలో 160కి ఇచ్చారు. ఇలాంటివి కొద్ది వారాలే ఉంటాయి, ఉదయమే అయిపోతాయి. ధరలు మండుతున్న వారంలో రైతు బజారు ధరల బోర్డును ఉదయం ఏడు గంటలకే చూసి రావాలి. పలమనేరు, మదనపల్లె ప్రాంతాల రైతులకు అదే టమాటా మరో నెలలో కోత కూలికి కూడా సరిపోని ధర పలుకుతుందన్నది మనం మరవకూడదు. వినియోగదారుకు ఊరట ఇచ్చే ప్రతి చర్యా ఆ రైతును కూడా దృష్టిలో పెట్టుకుని జరగాలి.

మందుల ఖర్చు ఎక్కువగా ఉన్న ఇళ్లవారు డాక్టరును మందు రసాయన నామం రాయమని అడిగి, అదే మందును తక్కువ ధరకు అమ్మే ప్రభుత్వ జన్ ఔషధి కేంద్రంలో కొంటే నెలవారీ బిల్లు బాగా తగ్గుతుంది. బీపీ, చక్కెర వ్యాధి మందులలో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

నగదు, కూలి

ఎన్టీఆర్ భరోసా పింఛను వృద్ధులకు, వితంతువులకు 4,000, దివ్యాంగులకు 6,000 రూపాయలు. ప్రతి నెలా 1న, ఆ రోజు సెలవైతే ముందు రోజున, సచివాలయ సిబ్బంది ఇంటికే తెచ్చి ఇస్తారు. ఊరిలో లేక రెండు నెలలు తీసుకోలేకపోతే మూడవ నెలలో మొత్తం కలిపి తీసుకోవచ్చు. పింఛను పొందుతున్న భర్త మరణిస్తే భార్య వెంటనే మరణ ధ్రువపత్రంతో సచివాలయంలో దరఖాస్తు చేయాలి. తల్లికి వందనం కింద 1 నుంచి 12వ తరగతి వరకు చదివే ప్రతి బిడ్డకు 15,000 రూపాయలు ప్రకటించారు. అందులో 13,000 తల్లి ఖాతాకు, 2,000 బడి నిర్వహణకు వెళతాయి, బిడ్డకు 75 శాతం హాజరు ఉండాలి. రైతులకు అన్నదాత సుఖీభవ, పీఎం కిసాన్ కలిపి ఏడాదికి 20,000 రూపాయలు మూడు విడతల్లో అందుతాయి. సొంత ఆటో నడుపుకునేవారికి 2025 అక్టోబరులో 15,000 రూపాయల సాయం మొదలైంది.

వీటన్నిటికన్నా తక్కువ మందికి తెలిసినది కనీస వేతనంలోని కరువు భత్యం. రాష్ట్రంలో హోటళ్లు, లాడ్జీలు, దుకాణాల వంటి చోట్ల పనిచేసేవారికి కనీస వేతనం ఉంటుంది. ధరల సూచీని బట్టి ఏటా ఏప్రిల్ 1న, అక్టోబరు 1న అందులోని కరువు భత్యం సవరించాలి. పథకం మొత్తం ఏళ్ల తరబడి మారకుండా ఉంటే దాని విలువ తరుగుతుంది, సూచీకి ముడిపెట్టిన వేతనం మాత్రం ధరలతో పాటు కదులుతుంది. ద్రవ్యోల్బణం తగ్గిందని వార్తల్లో విన్నప్పుడు ధరలు తగ్గాయని కాదు, పెరిగే వేగం తగ్గిందని అర్థం. అందుకే ఈ సవరణ ప్రతిసారీ అవసరం. తిరుపతిలో యాత్రికుల మీద ఆధారపడిన వేలాది ఉద్యోగాల్లో ఇది అమలైతే ఏ ఉచిత పథకానికీ తీసిపోదు. మీ పని ఏ జాబితాలోకి వస్తుందో, తాజా రేటు ఎంతో కార్మిక శాఖ కార్యాలయంలో అడిగి రాసుకుని, జీతం చీటీతో పోల్చి చూడండి.

రాకపోతే ఎవరిని అడగాలి

సచివాలయంలో దరఖాస్తు నంబరు చూపి, ఏ కారణంతో ఆగిందో రాతపూర్వకంగా ఇమ్మని అడగాలి. 95523 00009 నంబరుకు వాట్సాప్‌లో సందేశం పంపితే మన మిత్ర సేవ ద్వారా చాలా ధ్రువపత్రాలకు, సేవలకు దరఖాస్తు చేయవచ్చు. ఫోన్‌లో ఫిర్యాదు చేయాలంటే 1100. అక్కడా తేలకపోతే ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కాబట్టి శ్రీకాళహస్తి, సూళ్లూరుపేటలవారు తిరుపతి కలెక్టరేట్‌కు, కుప్పం, పలమనేరులవారు చిత్తూరు కలెక్టరేట్‌కు వెళ్లాలి. అంత దూరం వెళ్లలేనివారు అదే రోజు మండల కార్యాలయంలో ఇవ్వవచ్చు.

అర్జీ ఒక పుటకు మించకుండా రాయండి. పథకం పేరు, దరఖాస్తు నంబరు, తేదీ, ఆగడానికి చెప్పిన కారణం, ఆ కారణం ఎందుకు తప్పో చూపే కాగితం, మీ ఫోన్ నంబరు ఉంటే చాలు. ఒక అర్జీలో ఒకే సమస్య రాయాలి; మూడు సమస్యలు కలిపి రాస్తే అది మూడు శాఖల మధ్య తిరుగుతూ ఉండిపోతుంది. పరిష్కరించామని ఫోన్‌కు సందేశం వచ్చినా నిజంగా పని జరగకపోతే, అదే అర్జీ నంబరుతో దానిని మళ్లీ తెరవమని కోరే హక్కు మీకుంది. అప్పుడు పాత రశీదుతో పాటు, ఆ సందేశం వచ్చిన తరువాతి తేదీతో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ పుట నకలు జతచేసి ఇవ్వండి.